ఉద్యోగం గ్యారంటీ, గ్యాస్ పాతది

అమెరికాలో నలభై అయిదేళ్ళ మనిషి ఉద్యోగం గురించి కాస్త దిగులుగా కనిపిస్తే చాలు, సలహా సిద్ధంగా ఉంటుంది: ఏసీ మెకానిక్ అయిపో. కృత్రిమ మేధ కోడు రాస్తుంది, ఖాతాలు సరిచూస్తుంది, లాయరు నోటీసు కూడా తయారుచేస్తుంది గానీ అటకెక్కి డక్టు బిగించలేదు కదా అని ధీమా. కృత్రిమ మేధకు ఆద్యుల్లో ఒకరైన జెఫ్రీ హింటన్ అంతటివాడు 2025లో ప్లంబింగ్ నేర్చుకోమన్నాడు. అంతకుముందు ఏడాదే ఆయనకు నోబెల్ వచ్చింది కాబట్టి ఆ మాటకు స్వీడన్ ముద్ర కూడా పడినట్టే. ప్లంబర్‌కి దక్కిన ఆశీర్వాదంలో ఏసీ మెకానిక్‌కీ వాటా ఉంటుందనుకోవడంలో తప్పులేదు. పనికి గిరాకీ ఉన్న మాటా నిజమే. అక్కడి కార్మిక గణాంకాల సంస్థ లెక్కన 2024లో ఈ వృత్తివాళ్ళ మధ్యస్థ వార్షిక వేతనం 59,810 డాలర్లు. 2034 దాకా పదేళ్ళలో ఉద్యోగాలు 8 శాతం పెరుగుతాయని అంచనా. ఫీనిక్స్‌లో ఎండలు తగ్గుతాయని చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. కాబట్టి పనితో నాకు పేచీ లేదు. పేచీ అంతా ఆ పనికీ మనిషికీ మధ్య టికెట్ల కౌంటర్ తెరిచి కూర్చున్న బడితో. సరైన ట్రేడ్ స్కూల్ ఎంచుకుంటే మిగతాదంతా అదే చక్కబడుతుందని అది నమ్మబలుకుతుంది. చాలావరకు పనిలోనే నేర్చుకోవలసిన విద్యను, డబ్బు కట్టి కొనుక్కోవలసిన సరుకుగా మార్చడం అక్కడే మొదలవుతుంది.

బడి ఎంతవరకు అవసరమో ముందు చట్టాన్నే అడుగుదాం. ఏసీలో గ్యాస్ పని చెయ్యాలంటే పర్యావరణ పరిరక్షణ సంస్థ గుర్తించిన 608 సర్టిఫికెట్ ఉండాలి. గాలి కాలుష్య నివారణ చట్టంలోని 608వ సెక్షన్ కింద 1994 నుంచి అమల్లో ఉన్న నియమం ఇది. మొత్తం నాలుగు భాగాలు, భాగానికి 25 ప్రశ్నలు, 70 శాతం వస్తే గట్టెక్కినట్టే. ఒకసారి చేతికొచ్చిన కాగితానికి కాలం చెల్లడం లేదు. ఈ పరీక్షకు కూర్చునేవాడు ఏ బడిలో చదివాడని ఎవరూ అడగరు. పుస్తకం తెచ్చుకుని రాత్రిళ్ళు చదువుకున్నవాడూ, వేల డాలర్లు పోసి చదివినవాడూ ఒకే ప్రశ్నపత్రం ముందు కూర్చుంటారు. బ్రోషర్లో మాత్రం ఈ పరీక్ష కోర్సుకు కిరీటంలా మెరుస్తూ ఉంటుంది. ఇక రాష్ట్రాల సంగతి. టెక్సస్‌లో సహాయకుడిగా పనిలోకి దిగడానికి టెక్నీషియన్‌గా పేరు నమోదు చేయించుకుంటే చాలు. సొంతంగా కాంట్రాక్టరు లైసెన్సు కావాలంటే మామూలు దారిలో ఆరేళ్ళ కాలంలో 48 నెలలు, లైసెన్సున్న మనిషి కింద పనిచేసి ఉండాలి. అంటే మొదటి మెట్టుకు బడి అక్కర్లేదు, పైమెట్టుకు బడి ఒక్కటే చాలదు. ఈ రెంటి మధ్యనున్న జాగాలోనే ఆ వ్యాపారమంతా నడుస్తోంది. కార్మిక గణాంకాల సంస్థ కూడా ఈ వృత్తిలో చేరేవాళ్ళకు సాధారణంగా ఉండే చదువు హైస్కూల్ తర్వాతి సర్టిఫికెట్ అనే రాసింది, నిజమే, ట్రేడ్ స్కూళ్ళు గర్వంగా చూపించుకునే వాక్యం అదే. అదే పట్టికలో, పనిలో చేరాక దీర్ఘకాలం శిక్షణ కావాలని కూడా రాసుంది. ఆ గడి దాకా ఏ ప్రకటనా చదవనివ్వదు.

మరి దేన్ని చూపించి అమ్ముతారు? ప్లేస్‌మెంట్ శాతాన్ని. మా విద్యార్థుల్లో ఇంతమందికి ఉద్యోగాలొచ్చాయని తొంభైకి దగ్గర్లో ఏదో ఒక అంకె. ఈ అంకెను పెళ్ళిళ్ళ పేరయ్య చెప్పే పెళ్ళికొడుకు జీతంలాగే వినాలి. అబద్ధం అని తేలదు, నిజమని రుజువూ కాదు, దేన్ని జీతం అంటున్నాడో అడిగినప్పుడే అసలు కథ బయటపడుతుంది. ఉద్యోగం అంటే ఎన్నాళ్ళు చేస్తే ఉద్యోగం? ఆ రంగం అంటే, ఏసీ విడిభాగాల దుకాణంలో కౌంటర్ వెనకాల నిలబడినా ఆ రంగమేనా? మధ్యలో మానేసినవాళ్ళు లెక్కలోకి వస్తారా, లేక కోర్సు పూర్తిచేసినవాళ్ళనే లెక్కపెట్టి శాతం కట్టారా? ఉద్యోగానికి అందుబాటులో లేరన్న పేరుతో ఎంతమందిని పక్కన పెట్టారు? ఈ ప్రశ్నలు మరీ చాదస్తంగా తోచేవాళ్ళు హీల్డ్ కాలేజీ ఉదంతం గుర్తుచేసుకోవాలి. కొరింథియన్ సంస్థ నడిపిన ఈ కాలేజీకి 2015 ఏప్రిల్‌లో అమెరికా విద్యాశాఖ దాదాపు 3 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. 947 చోట్ల ప్లేస్‌మెంట్ శాతాలు తప్పుగా చూపించారన్నది అభియోగం. పట్టభద్రులను తమ సొంత క్యాంపస్‌లోనే తాత్కాలిక పనిలో పెట్టుకోమని ఏజెన్సీలకు డబ్బిచ్చి, దాన్నీ ఉద్యోగంగా జమకట్టారు. అన్నిటికన్నా రసవత్తరమైనది, 2011లో అకౌంటింగ్ పూర్తిచేసిన ఒకామె టాకో బెల్‌లో తిండి అందించే పనిని కాలేజీ అకౌంటింగ్ ఉద్యోగంగా రాసుకోవడం. ఆ పనిలో ఆమె చేరింది 2006లో! చదువు వల్ల ఉద్యోగం ఐదేళ్ళు వెనక్కి వెళ్ళి మరీ వచ్చిందన్నమాట.

అది అకౌంటింగ్ చదువు, ఏసీ బడి కాదు కదా అనవచ్చు. వృత్తి వేరే, పద్ధతి ఒకటే. జరిమానా పడిన నెలలోనే కొరింథియన్ మూతబడింది. మరుసటి ఏడాది సెప్టెంబరులో అలాంటిదే అయిన ఐటీటీ టెక్ కూడా రాత్రికి రాత్రే తలుపులు వేసుకుంది. 2022లో ప్రభుత్వం కొరింథియన్‌లో చదివిన 5,60,000 మందికి 580 కోట్ల డాలర్ల అప్పు, ఐటీటీలో చదివిన 2,08,000 మందికి 390 కోట్ల డాలర్ల అప్పు మాఫీ చేయాల్సి వచ్చింది. ఈ బడుల పోషణ ఎలా జరుగుతుందో అర్థం కావాలంటే 90/10 నియమం చూడాలి. లాభాపేక్షతో నడిచే బడి తన రాబడిలో ప్రభుత్వ విద్యాసహాయాన్ని 90 శాతం దాటనివ్వకూడదట. అంటే రూపాయిలో పది పైసలు మటుకు ఎవరో ఒకరు జేబులోంచి కట్టాలి, అప్పుడు దాని చదువుకు బజారులో విలువున్నట్టు లెక్క. 2021లో చేసిన చట్టం మార్పు అమల్లోకి వచ్చేదాకా మాజీ సైనికులకు వచ్చే చదువు సొమ్మును ఆ పది పైసల్లోనే వేసుకునేవారు. సర్కారు డబ్బే కుడిచేత్తో వచ్చి, ఎడమచేత్తో కూడా వచ్చి, బజారు విలువ అనిపించుకుంది. ఇప్పుడు కొత్త ముచ్చట మరొకటి. 2025లో చేసిన చట్టం ప్రకారం 2026 జూలై 1 నుంచి 8 నుంచి 15 వారాల లోపు కోర్సులకూ ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్ వర్తిస్తుంది, షరతుల్లో ఒకటి 70 శాతం ప్లేస్‌మెంట్. నిన్నటిదాకా ప్రకటనకు అలంకారంగా ఉన్న అంకె, ఇకపై ఖజానా తలుపు తెరిచే తాళంచెవి. ఆ అంకెను ఎలా పెంచాలో కనుక్కోవడానికి వెచ్చించే తెలివిలో పావువంతు పాఠాల మీద పెడితే బాగుండును.

ఈ వ్యాపారానికి ఇరవై ఏళ్ళ కుర్రాడికన్నా నడివయసువాడే ముద్దు. కుర్రాడికి సందేహాలుంటాయి, తొందర ఉండదు. నలభై అయిదేళ్ళవాడికి ఇంటి అప్పు ఉంటుంది, పిల్లల ఫీజులుంటాయి, కొత్తగా మొదలుపెట్టడానికి సిగ్గు ఉంటుంది. తొమ్మిది నెలల్లో సర్టిఫికెట్ అంటే ఆ సిగ్గుకు గడువు పెట్టినట్టు ఉంటుంది. పదిహేను వేల నుంచి పాతిక వేల డాలర్లు అడిగినా సంతకం పెట్టేస్తాడు. బడి దిగాక అతను చేరేది సహాయకుడిగానే. జూలై మధ్యాహ్నం అటకలో మోకాళ్ళ మీద పాకుతూ, ముప్పయ్యేళ్ళ కుర్రాడు అడిగిన పానా అందిస్తాడు. 59,810 అన్న అంకె ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళనీ కలిపి కట్టినదని అక్కడ తెలిసివస్తుంది. మోకాళ్ళ సంగతి, రాత్రి పూట పిలుపుల సంగతి బడి దాచిపెడుతోందనను, ప్రకటనలో నవ్వుతూ గేజీలు పట్టుకున్న మనిషి ఎప్పుడూ నేల మీదే నిలబడి ఉంటాడని మాత్రం అంటాను.

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగువాళ్ళ విందుల్లో కూడా ఏసీ మెకానిక్ అయిపో అన్న ఈ సలహా దొర్లుతుంది. ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి అందరూ మింగేస్తారు. హెచ్-1బీ మీద ఉన్నవాడికి ఈ తలుపు మూసే ఉంది. ఆ వీసా డిగ్రీ తప్పనిసరైన ప్రత్యేక వృత్తులకు, ఏసీ మెకానిక్ ఆ కోవలోకి రాడు. ఉద్యోగం పోతే ఉన్న వ్యవధి మహా అయితే 60 రోజులు, అందులో ట్రేడ్ స్కూల్ బ్రోషర్ చదవడం అయితే పూర్తవుతుంది. గ్రీన్‌కార్డో పౌరసత్వమో ఉన్నవాళ్ళకే ఇది నిజమైన ఎంపిక. అక్కడ కృత్రిమ మేధకు అందని వృత్తి అని మనవాళ్ళు మెచ్చుకునే ఈ పనే, మన ఐటీఐల్లో రెండేళ్ళ ట్రేడ్‌గా ఎప్పటినుంచో ఉంది. కూకట్‌పల్లిలో ఉన్న మేనల్లుణ్ణి అందులో చేర్పిద్దామంటే అదే విందులో పెద్ద నిశ్శబ్దం.

సరే, బడి లేకుండా నలభై అయిదేళ్ళవాణ్ణి పనిలోకి ఎవడు రానిస్తాడని అడగొచ్చు. గట్టి ప్రశ్నే. ఏ కాంట్రాక్టరూ వోల్టేజికీ ఆంపియరుకీ తేడా తెలియని మనిషిని వ్యాన్ ఎక్కించుకోవడానికి ఉత్సాహపడడు. కరెంటు బొమ్మ చదవడం, రాగి పైపు అతికేటప్పుడు లోపల నైట్రోజన్ పారించడం, వాక్యూమ్ 500 మైక్రాన్ల కిందికి దించడం, సూపర్‌హీట్, సబ్‌కూలింగ్ చూసి గ్యాస్ సరిపోయిందో లేదో చెప్పడం, ఇవన్నీ ఖాతాదారు కంప్రెసర్ మీద కాకుండా బడి కంప్రెసర్ మీద తప్పులు చేసి నేర్చుకోవడం మేలు. కానీ ఇదంతా కమ్యూనిటీ కాలేజీలో సాయంత్రం తరగతుల్లో, కొన్ని వేల డాలర్లలో దొరుకుతుంది, అదీ పగటి ఉద్యోగం మానకుండా. ఆ కాలేజీ తరఫున మిమ్మల్ని రోజుకు మూడుసార్లు ఫోన్ చేసి పలకరించే కౌన్సెలర్ ఉండడు, అందుకే మీకు దాని పేరు గుర్తుండదు. ట్రేడ్ స్కూల్ ప్రకటనలకు ఖర్చుపెట్టే డబ్బు ఎక్కడి నుంచి వస్తుందన్నది విద్యార్థి తనను తాను అడగని ప్రశ్న.

ఇంకొక ఆక్షేపణ ఇంతకన్నా బలమైనది. బడికి బదులు జీతం తీసుకుంటూ పనిలోనే నేర్చుకునే యూనియన్ అప్రెంటిస్‌షిప్పు ఉందిగా అంటే, అది అంత సులభం కాదంటారు: ఏడాదికి ఒకటి రెండుసార్లే దరఖాస్తులు, ఎంపిక పోటీ, మొదటి ఏడాది జీతం పూర్తి పనివాడి జీతంలో సగానికి అటూ ఇటూ, అయిదేళ్ళు పడుతుంది. నిజమే. 1937 చట్టం కింద నమోదైన ఈ పద్ధతిలో ఏటా దాదాపు 2,000 గంటలు పని, కనీసం 144 గంటలు తరగతి. యాభై ఏళ్ళకు పూర్తి పనివాడవుతాడు. అయితే ట్రేడ్ స్కూల్ దారిన వెళ్ళినవాడు యాభై ఏళ్ళకు ఏమవుతాడు? అతనూ సహాయకుడి జీతంతోనే మొదలుపెడతాడు, అతనికీ లైసెన్సుకు ఏళ్ళు పడతాయి, తేడా అల్లా ఒకడికి మొదటిరోజు నుంచి జీతం ముడుతుంది, రెండోవాడు మొదటిరోజు నుంచి అప్పు మోస్తాడు. సగం జీతం కష్టమనేవాళ్ళు, ఆ తొమ్మిది నెలల సున్నా జీతాన్ని ఎందుకో కష్టాల పద్దులో వెయ్యరు. పైవయసు పరిమితి లేదని బడి చెప్పే మాట అప్రెంటిస్‌షిప్పుకూ వర్తిస్తుంది, కాకపోతే ఆ సంగతి పెద్ద అక్షరాలతో ఎవరూ అచ్చువెయ్యరు.

ఇంత చెప్పినా బడికే వెళ్తానంటే వెళ్ళనీ, కొన్ని ఊళ్ళలో దగ్గర్లో వేరే దారి ఉండదు. అప్పుడు కౌన్సెలర్ గదిలో కాదు, వెనకున్న ల్యాబులో నిలబడాలి. అక్కడి యంత్రాల్లో ఏ గ్యాస్ ఉందో అడగాలి. 2025 జనవరి 1 నుంచి ఇళ్ళ కోసం కొత్తగా తయారయ్యే ఏసీల్లో భూతాపం పెంచే శక్తి 700 దాటిన గ్యాస్ వాడకూడదు. 2,088 ఉన్న ఆర్-410ఎ పోయి ఆర్-454బి, ఆర్-32 వచ్చాయి. ఇవి కొద్దిగా అంటుకునే రకం, పనిముట్లలోనూ జాగ్రత్తల్లోనూ తేడాలున్నాయి. అమెరికాలో తయారీ, దిగుమతి 2020లోనే ఆగిపోయిన ఆర్-22 యంత్రాల మీద మాత్రమే పాఠం చెప్పే బడి, మ్యూజియం గైడ్లను తయారుచేస్తోంది. పాత ఇళ్ళలో పాత యంత్రాలున్నాయి కాబట్టి అవీ రావాలి, అవే వస్తే చాలదు. గుర్తింపు ఉందనే మాట వినగానే ఏ గుర్తింపో కూడా అడగాలి. బడి మొత్తానికి ఉన్న గుర్తింపు ప్రభుత్వ సహాయం రావడానికి, ఏసీ కోర్సును ప్రత్యేకంగా పరీక్షించి హెచ్‌వ్యాక్ ఎక్సలెన్స్ లాంటివి ఇచ్చే గుర్తింపు వేరు. మొదటిది చూపించి రెండోదని భ్రమపెట్టడం కష్టమేమీ కాదు, రెంటికీ వాడేది ఒకే మాట.

ఆ తర్వాత ఊళ్ళోని ఏసీ కాంట్రాక్టర్లకు ఫోన్ చేసి, గత రెండేళ్ళలో ఏ బడి నుంచి మనుషుల్ని తీసుకున్నారు, వాళ్ళలో ఎందరు ఇంకా ఉన్నారు అని అడిగితే సరి. ప్లేస్‌మెంట్ శాతం అక్కడ ఖర్చులేకుండా దొరుకుతుంది. జూలైలో చేస్తే ఎవరూ ఎత్తరు, అక్టోబరులో చెయ్యాలి.