లేని సరుక్కి బిల్లు

ఈ మధ్య బెజవాడ ఆటోనగర్‌లో ఏ లారీ స్పేర్ల కొట్టుకెళ్లినా కౌంటర్ దగ్గర కుర్రాడు మన మొహం చూడడు. మానిటర్ వైపే చూస్తూ టకటకా ఏదో కొట్టి, "లేలాండ్ కింగ్ పిన్ సెట్లా? మైనస్ నాలుగు ఉన్నాయండీ" అంటాడు. మైనస్ నాలుగు ఉండటమేమిట్రా అబ్బాయ్! ఉంటే ఉన్నాయను, లేకపోతే లేవను. అరలో బూజు తప్ప ఏమీ లేదు గానీ, పుస్తకంలో మాత్రం సున్నా కంటే కిందకి కూడా సరుకు అమ్మేశారన్నమాట.

నన్ను చాదస్తం ముసలాడనుకున్నా సరే, ముందే ఒక మాట చెప్పాలి. టాటా మోటార్స్‌ని అందరూ ఇంకా టెల్కో అనే రోజుల్లో ఇక్కడే ఒక కొట్టులో గుమస్తాగా చేరాను. చిట్టా రాశాను, ఆవర్జా రాశాను. కంప్యూటరొచ్చాక షావుకారు గారు "నేర్చుకుంటావా, ఇంకొకణ్ణి పెట్టుకోనా" అంటే, నోరు మూసుకుని ట్యాలీ కూడా నేర్చుకున్నాను. కాబట్టి నా గొడవ కంప్యూటర్‌తో కాదు.

మా కొట్టులో చిట్టా, ఆవర్జా, స్టాకు పుస్తకం కాక నాలుగో పుస్తకం ఒకటుండేది. పొడుగ్గా, ఎర్ర అట్టతో ఉండేది. లేని సరుకు ఎవరైనా అడిగితే అందులో ఎక్కేది. తేదీ, పేరు, ఊరు, పార్టు నంబరు, ఎన్ని కావాలి, అడ్వాన్సు ఎంతిచ్చారు, ఎప్పటికి కావాలి. చివర ఒక గడి ఖాళీగా వదిలేవాళ్లం, సరుకిచ్చిన తేదీ కోసం. "గుడివాడ రైసుమిల్లు లారీ, వెనక కమాను మెయిన్ పట్టీలు రెండు, అడ్వాన్సు యాభై, బండి షెడ్డులోనే ఉంది" అని రాసేవాణ్ణి. ఆ ఆఖరి మాట షావుకారు గారి కోసం. బండి రోడ్డు మీద తిరుగుతూ ముందుజాగ్రత్తకి అడిగేవాడు వేరు, బండి జాకీల మీద ఉండి, రోజుకింత కిరాయి పోగొట్టుకుంటూ అడిగేవాడు వేరు. సరుకు తక్కువొచ్చినప్పుడు ముందు ఎవరికివ్వాలో ఆ మాటే తేల్చేది.

సాయంత్రం దీపం పెట్టాక ఆ పుస్తకం షావుకారు గారి బల్ల మీదకెళ్లేది. అది చూసుకుని మద్రాసు జనరల్ ప్యాటర్స్ రోడ్డులో మాకు సరుకు పంపే వాళ్లకి ఉత్తరం రాసేవారు. మరీ తొందరైతే ట్రంకాల్ బుక్ చేసి, లైను కలిసేదాకా కాఫీలు తాగుతూ కూర్చునేవారు. పార్సిలాఫీసు నుంచి పెట్టెలు రిక్షాలో వచ్చేవి. మేకులు పీకి మూత తీయగానే గడ్డిలోంచి గ్రీజు కాగితం చుట్టిన సరుకు కనపడేది. దాన్ని నేరుగా అరలో సర్దడానికి వీల్లేదు. ముందు ఎర్ర పుస్తకం తెరవాలి, అందులో ఎవరెవరికి ఉందో చూడాలి, చీటీ మీద పేరు రాసి పురికొసతో సరుక్కి కట్టాలి. మిగిలింది మాత్రమే అరలోకి. కొత్తగా చేరిన కుర్రాడెవడైనా ఈ వరస తప్పి, అర నిండా సరుకుంది కదాని అప్పుడే వచ్చిన వాడికి అమ్మేస్తే ఆ పూట వాడికి అన్నం సహించేది కాదు, అన్ని చీవాట్లు పడేవి.

ఆ పుస్తకంలో లోపాల్లేవని నేననను. ఒకే క్లచ్ ప్లేటు ఐదుగురు అడిగితే ఐదు వేర్వేరు పేజీల్లో ఉండేది. మొత్తం ఎన్ని తెప్పించాలో తేల్చాలంటే వేలు పెట్టి పేజీలన్నీ తిప్పాల్సిందే. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్లీ మొదటికి. షావుకారు గారి బావమరిది లాంటివాళ్లొస్తే వరస కూడా మారిపోయేది, అది వేరే సంగతి.

ఆ బాధ తీర్చడానికే కదా ఈ సాఫ్ట్‌వేరు పుట్టింది. ట్యాలీ కథ చాలామందికి తెలీదు. బెంగుళూరులో శ్యామ్ సుందర్ గోయెంకా గారు మిల్లులకీ ఫ్యాక్టరీలకీ ముడిసరుకులు, యంత్రాల విడిభాగాలు సరఫరా చేసే వ్యాపారి. ఆయన లెక్కలకి సరిపోయే ప్రోగ్రామ్ దొరక్క కొడుకు భరత్ గోయెంకా చేత రాయించుకున్నారు. 1986లో మొదలైన కంపెనీ అది. అంటే స్పేర్లమ్ముకునే మాలాంటివాడి అవసరంలోంచి వచ్చిన సరుకే. మరి అందులో ఎర్ర పుస్తకం లేకుండా ఎలా ఉంటుంది? సేల్స్ ఆర్డర్ అన్న పేరుతో భేషుగ్గా ఉంది. ఆర్డరు ఎక్కిస్తే స్టాకు కదలదు, పార్టీ ఖాతాలో బాకీ పడదు. ఎన్ని కావాలి, ఎప్పటికి కావాలి అన్నది మాత్రం నిలిచి ఉంటుంది. పది అడిగినవాడికి ఆరు పంపి, బిల్లులో ఆ ఆర్డరు నంబరు చూపిస్తే, మిగతా నాలుగూ ఇంకా ఇవ్వాలని అదే గుర్తుపెట్టుకుంటుంది. నేను వేలు పెట్టి ఏరుకున్న లెక్క రీఆర్డర్ స్టేటస్‌లో ఒక్క వరసలో కనపడుతుంది: చేతిలో ఉన్నదెంత, కంపెనీ నుంచి రావలసిందెంత, జనానికి ఇవ్వాల్సిందెంత, పోగా నికరంగా ఉన్నదెంత. ఆ నికరం అన్న గడి మా కాలంలో ఉండి ఉంటే మా షావుకారు గారు దానికి రోజూ దణ్ణం పెట్టుకునేవారు.

ఇంత చేసిపెడితే దాన్ని వాడేవాడేడీ? ఇప్పుడు ఆ కొట్టు చూసుకుంటున్నది షావుకారు గారి మనవడు. ఆ మధ్య నేను వెళ్లి కూర్చున్నప్పుడే నూజివీడు నుంచి ఒక చిల్లర స్పేర్ల కొట్టాయన ఫోన్ చేశాడు. చినబాబు పది రకాలు రాసుకున్నాడు, అందులో వీల్ బేరింగు లేదు. అయినా మొత్తానికీ బిల్లు కొడుతున్నాడు. స్టాకు లేదని అది హెచ్చరిస్తూనే ఉంది, ఈయన ఎంటర్ నొక్కుతూనే ఉన్నాడు.

"ఆర్డర్‌లో వేసుకోవచ్చు కదా చినబాబూ?"

"రెండుసార్లు ఎంట్రీ ఎవరు చేస్తారు తాతగారూ? రేపో ఎల్లుండో బేరింగు వస్తుంది, ప్లస్సూ మైనస్సూ సరిపోతుంది."

రెండుసార్లెక్కడ? ఆర్డరు నంబరు ఎంచుకుంటే సరుకులన్నీ వాటంతటవే బిల్లులోకొచ్చి పడతాయి. ఇక సరిపోతుందన్న మాట సంగతి. సంఖ్య సరిపోతుందేమో, ధర సరిపోతుందా? కొనకముందే అమ్మేసిన బేరింగుకి కొన్న ధర ఎక్కణ్ణుంచి వస్తుంది? పాత ధర పట్టుకుని ఏదో లెక్క వేస్తుంది, కొత్త సరుకు వేరే ధరకి దిగితే సగటు తలకిందులవుతుంది. మార్చి నెలాఖరుకి క్లోజింగ్ స్టాకులో సగం సరుకుల విలువ మైనస్‌లో కనపడితే, ఆడిటర్ గారు కళ్లజోడు తీసి తుడుచుకుంటారు. అప్పుడు రాత్రంతా కూర్చుని తేదీలు వెనక్కీ ముందుకీ జరుపుతారు.

పాపం ఆ నూజివీడు ఆయన సంగతైతే మరీను. జీఎస్టీ చట్టం 16వ సెక్షన్ ప్రకారం సరుకు చేతికందితేనే కొన్నవాడికి ఇన్‌పుట్ క్రెడిట్. ఒకే బిల్లు మీద సరుకు విడతలుగా వస్తే ఆఖరి విడత అందాకే. అంటే ఆ ఒక్క బేరింగు రానంతకాలం మిగతా తొమ్మిది రకాల మీద కట్టిన పన్నుకి కూడా ఆయన ఆగాల్సిందే. ఉన్న తొమ్మిదికీ బిల్లేసి, పదోది ఆర్డర్‌లో ఉంచితే ఈ పీడ ఉండేది కాదు.

అడ్వాన్సు తీసుకున్నాం కాబట్టి బిల్లు కొట్టాలండీ అని ఇంకొందరి వాదన. 2017 నవంబరు 15 నుంచి సరుకుల మీద తీసుకునే అడ్వాన్సుకి అప్పటికప్పుడు పన్ను కట్టక్కర్లేదు, బిల్లప్పుడే కట్టాలి. డబ్బు రసీదులో వేసి, అడ్వాన్స్ అని గుర్తు పెడితే చాలు. మా ఎర్ర పుస్తకంలో ఆ యాభై రూపాయలు వేసినట్టే.

అసలు ఇప్పుడు ఆర్డర్లు చాలావరకు కంప్యూటర్ దాకా కూడా రావు. విరిగిపోయిన పట్టీ ఫోటో వాట్సాప్‌లో వస్తుంది, దాని వెనకే "అన్నా, ఇది చూడు" అని ఒక వాయిస్ మెసేజ్. చూసినవాడు బొటనవేలి గుర్తు పెడతాడు. దాని మీద శుభోదయాలు, పెళ్లి పత్రికలు వచ్చి పడతాయి. మూడో రోజు ఆ బొటనవేలు నమ్ముకున్నవాడు బండితో సహా వచ్చి నిలబడతాడు.

పద్ధతిగా ఆర్డర్లు వేసే కొట్లు లేకపోలేదు. అక్కడ ఇంకో వింత చూశాను. సరుకు ఇక రాదని తేలితే ఆర్డరు మూసేయడానికి ప్రీ-క్లోజ్ అని ఒకటుంది. ఎన్నింటికి మూస్తున్నావు, ఏ తేదీన, ఏ కారణాన అని అడుగుతుంది. బుద్ధిమంతుడి ప్రశ్న! కంపెనీ ఆ పార్టు చేయడం మానేసింది అనో, పార్టీ వేరే చోట కొనుక్కున్నాడు అనో రాస్తే ఏడాది చివర ఎంత బేరం చేజారిందో, ఎందుకు చేజారిందో షావుకారుకి తెలుస్తుంది. మనవాళ్లు ఆ గడిలో ఒక చుక్క పెట్టి ఎంటర్ కొడతారు. నా ఆర్డరేమైందయ్యా అని పార్టీ అడిగితే ఆ చుక్కే చూపిస్తారు కాబోలు.