బ్రూస్‌పేట వాలీబాల్ క్షేత్రము

వాలీబాల్ ఆటస్థలము పొడవు 18 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు, దాని నలుదిక్కుల కనీసము 3 మీటర్ల ఖాళీ, పైన 7 మీటర్ల నిరాటంకమైన ఆకాశము ఉండవలెనని నిబంధనకర్తలు శాసించిరి. ఆ మహాశయులు బళ్లారి బ్రూస్‌పేట సందులను దర్శించిన దాఖలా మాత్రము ఎచ్చటను కానరాదు. ఇచ్చట మూడు మీటర్ల ఖాళీ దొరికెనేని మరునాటికి అందొక తోపుడుబండియు, దాని నీడలో ఒక బఱ్ఱెయు వెలయుట సృష్టిధర్మము. ఆకాశమందన్ననో, విద్యుత్తు తీగలకును వేపకొమ్మలకును తరతరాల వ్యాజ్యము.

అయినను మా కుఱ్ఱవాండ్రు శాస్త్రమును విడువలేదు. విశ్రాంతులైన లెక్కల అయ్యవారొకరు, భుజములు కొలిచినంతనే చదరము కుదురదనియు, కర్ణము సరిపోవలెననియు బౌధాయనుని సాక్షిగా నుద్ఘాటించి, తొమ్మిది మీటర్ల భుజముగల సగము క్షేత్రమునకు కర్ణము 12.73 మీటర్లని తేల్చి, ఇరువురు బాలకులకు నులకత్రాడొసగి మిట్టమధ్యాహ్నము నిలువబెట్టిరి. అంతలో ఎవరో కడవెడు నీరు చల్లగా త్రాడు తడిసి కుంచించుకొనిపోయెను. గణితము నిర్దోషియే గాని, ఆటస్థలము మూల ఒకటి ప్రక్కయింటి అవ్వగారి ముగ్గులోనికి ప్రవేశించెను.

వల ఎత్తు పురుషులకు 2.43, స్త్రీలకు 2.24 మీటర్లు. రెండు ప్రక్కగీతలపైన ఎత్తు సమానముగా నుండవలెను; విహితమైన ఎత్తుకు రెండు సెంటీమీటర్లను మించి హెచ్చరాదు. మా వల ఒక కొస వేపచెట్టునకు, వేఱొక కొస దీపస్తంభమునకు కట్టబడుటచే నడుమ నడుము వంచి నమస్కరించుచుండెడిది. ఆ వినయమును ఆశ్రయించి పేటలోని పొట్టివారందఱును మహాస్మాషర్లయిరి. 1895లో అమెరికాలోని హోలియోక్ పట్టణమున మోర్గన్ అను వ్యాయామోపాధ్యాయుడు, బాస్కెట్‌బాల్ ఆడి రొప్పు నడివయసు వర్తకులపై కనికరించి ఈ క్రీడను కల్పించి, వలను ఆరున్నర అడుగుల ఎత్తున కట్టించెను. మా నడివయసు వర్తకులు అంతకన్న వివేకులు. అరుగుపై కూర్చుండియే ఆడుదురు, నోటితో.

మధ్యరేఖను గూర్చిన నిబంధన మాత్రము మా ఊరిని చూచియే వ్రాసినట్లుండును: ఆ గీత వెడల్పంతయు ఉభయపక్షములకును సమానముగా చెందునట! 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గములు ఇటును, న్యాయమూర్తి మిశ్రాగారి నివేదిక ననుసరించి బళ్లారి తాలూకా మైసూరు వైపునకును పోయెను. పరిపాలనకు అట్టి గీత అవసరమే కావచ్చును. మావాండ్రు పాయింట్లు తెలుగున లెక్కించి, తగవు కన్నడమున నాడి, రాజీ రెండింటను కుదుర్చుకొనుచునే యున్నారు. రంగస్థలనటుడు బళ్లారి రాఘవ నటనతో మెఱసిన ఊరు గనుక, బంతి గీతపై బడెనా, ఆవలబడెనా యని వాదించుటలో అభినయమునకును కొఱత లేదు.

సరిహద్దుగీత అయిదు సెంటీమీటర్ల వెడల్పుతో ఆటస్థలములోనిదే యగుటచే, దానిని తాకిన బంతి ‘ఇన్’. ఈ సూక్ష్మమును అయ్యవారు ఒకనాడు గంభీరముగా వివరించుచుండగా, ముగ్గు చెడిన అవ్వగారు బంతిని చంకనబెట్టుకొని గడపలో నిలిచిరి.

“గీత మీద పడితే మీదే సామీ, కాదన్నదెవరు? నా ముగ్గు మీద పడింది మాత్రం నాది. రేపు పొద్దున మళ్లా ముగ్గేసినాంక ఇస్తా, పోండప్పా!”

ఆ తీర్పుపై అప్పీలు చేయ సాహసించినవాడు ఉభయభాషలలోను లేకపోయెను.