అప్పను మంచం దిగనివ్వలేదు

మా అప్పకు, అంటే మా అక్కకు, రొమ్ము క్యాన్సర్ వచ్చినప్పుడు నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది. ఆమెను పని చేయనివ్వలేదు, నడవనివ్వలేదు, చివరికి డాక్టర్ దగ్గర నోరు విప్పనివ్వలేదు. అదంతా ప్రేమేనని నమ్మాను. మా శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఎన్నో ఇళ్లు ఈ పొరపాటే చేస్తున్నాయి కాబట్టి దాచకుండా చెబుతున్నాను.

అప్ప ఊరికే కూర్చునే మనిషి కాదు. ఉభాల రోజుల్లో పొద్దంతా బురదలో వంగి నాట్లేసి, సాయంత్రం గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని వచ్చేది. ఆపరేషనై, కీమో మొదలై, జుట్టు రాలిన అప్పను చూశాక నాకు భయం పట్టుకుంది. నీళ్లచెంబు ఎత్తితే లాక్కున్నాను. చీపురు పడితే కసిరాను. వీధి మలుపు దాకా వెళ్తే కేకేసి వెనక్కి పిలిచాను. చూడవచ్చిన చుట్టాలు "అప్పను బాగా సూసుకుంటన్నావు తమ్ముడా" అంటే నా గుండె నిండిపోయేది. అప్ప మాత్రం "మంచాన పడీ రోగం నాకింకా రానేదురా, నువ్వే పడీస్తన్నావు" అంది. ఆ మాట నా చెవికెక్కలేదు.

ఆపరేషన్ తర్వాత ఫిజియోథెరపీ చేయించే అమ్మాయి అప్పను గోడకు ఎదురుగా నిలబెట్టింది. వేళ్లను గోడమీద పాకిస్తూ చెయ్యిని కొంచెం కొంచెం పైకి తీసుకెళ్లడం నేర్పింది. బొమ్మలున్న కాగితం కూడా ఇచ్చింది. కుట్ల దగ్గర ఏమైనా అవుతుందేమోనన్న భయంతో ఆ కాగితాన్ని రిపోర్టుల ఫైల్లో పెట్టి మూసేశాను. కొన్ని వారాలకు అప్ప భుజం బిగుసుకుపోయింది. జాకెట్టు తొడుక్కోవడానికి మా ఆవిడ సాయం కావాల్సి వచ్చింది.

నీరసం సంగతీ అంతే. చేలో పని చేసి వచ్చిన అలసట ఒక రాత్రి నిద్రపోతే తీరుతుంది. కీమో నీరసం అలా తీరదు. కదలకపోతే కండ కరుగుతుంది. కండ తగ్గితే నాలుగడుగులకే ఆయాసం వస్తుంది. ఆయాసం వచ్చిందని పడుకోబెడితే మిగిలిన కండ కూడా పోతుంది. అప్ప ఎంత నీరసపడితే నేను అంత గట్టిగా పడుకోమన్నాను.

వైద్యం ఈ విషయంలో ఎప్పుడో దారి మార్చుకుందని ఆ తర్వాత తెలిసింది. వారానికి మూడుసార్లు అరగంట చొప్పున నడక లాంటి వ్యాయామం, రెండుసార్లు కండబలం పెంచే వ్యాయామం చేస్తే నీరసం, దిగులు తగ్గుతాయని 2019లో అంతర్జాతీయ నిపుణుల బృందం తేల్చింది. నయం చేసే ఉద్దేశంతో చికిత్స జరుగుతున్నవారికి, చికిత్స సాగుతుండగానే ఈ రెండూ చేయించమని 2022లో అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం డాక్టర్లకు సూచించింది. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమో పూర్తయిన 889 మందిపై జరిగిన అధ్యయనం 2025లో వెలువడింది. మూడేళ్లపాటు దగ్గరుండి వ్యాయామం చేయించినవారిలో ఎనిమిదేళ్ల తర్వాత నూటికి 90 మంది బతికున్నారు. సలహాల పుస్తకం మాత్రమే అందుకున్నవారిలో 83 మంది. అప్పది ఆ జబ్బు కాదు. అయినా ఆ అంకెలు చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

చంకలో గ్రంథులు తీసిన చెయ్యి వాస్తుందనీ, దానితో ఇక బరువు ఎత్తకూడదనీ నాకు గట్టి నమ్మకం. కానీ అప్పటికే చెయ్యి వాచిన 141 మంది స్త్రీలపై జరిగిన పరిశోధన ఫలితం 2009లోనే వచ్చింది. శిక్షకుల పర్యవేక్షణలో కొద్దికొద్దిగా బరువులు పెంచుతూ ఎత్తించినా వాపు పెరగలేదు, అది తిరగబెట్టడం కూడా తగ్గింది. 2000లో సిడ్నీలో బరువులెత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళగా నిలిచిన కరణం మల్లీశ్వరిది మా ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట. నెల్లిమర్ల దగ్గర కొండవెలగాడలో ఆడపిల్లలు బరువులెత్తడం ఊరికే గొప్ప. అలాంటి గడ్డ మీద పుట్టి, మా అప్ప చేతిలోంచి నీళ్లచెంబు లాక్కున్నాను.

వీటన్నిటికంటే నన్ను ఎక్కువగా బాధించేది మరొకటి. డాక్టరమ్మ "ఎలా ఉందమ్మా?" అని అప్పను అడిగితే, "బాగానే ఉందండీ" అని నేను జవాబు చెప్పేవాణ్ని. ఒకసారి ఆవిడ నన్ను ఆగమని అప్ప వైపు తిరిగింది. పాదాల తిమ్మిరి, మలబద్ధకం, రాత్రంతా నిద్ర లేకపోవడం, అన్నీ అప్పుడు బయటపడ్డాయి. ప్రతిదానికీ ఏదో ఒక ఉపాయం ఉందని అప్పుడే తెలిసింది. కీమో తీసుకునే రోగులు తమ బాధలను ఎప్పటికప్పుడు తామే నమోదు చేసి వైద్యులకు తెలిపితే ఏమవుతుందో న్యూయార్క్‌లో 766 మందిపై చూశారు. అలా తెలిపినవారు, మామూలు చికిత్స పొందినవారికంటే సగటున ఐదు నెలలు ఎక్కువ బతికారని 2017లో ప్రచురించారు. రోగి మాటకు అంత విలువుంది. నేనేమో దాన్ని అడ్డుకున్నాను.

రోగి తన సంగతి తానే చూసుకోవడానికి దూరం మరో కారణం. ఇచ్ఛాపురం నుంచి విశాఖ 200 కిలోమీటర్లకు పైనే. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లాలంటే విశాఖ కూడా దాటాలి. మూడు వారాలకొకసారి కీమో అంటే ఆసుపత్రిలో గడిచేది ఒక రోజు, ఇంట్లో గడిచేది ఇరవై రోజులు. ఆ ఇరవై రోజుల్లో రోగి ఏం చేయాలో రోగికే తెలియాలి. ఐదో తరగతి చదివిన అప్ప ఒక నోటుపుస్తకం పెట్టుకుంది. జ్వరం ఎంతుందో, ఎంత నడిచిందో, ఏది బాధపెడుతోందో తన చేత్తోనే రాసుకుంది. మొదట రామమందిరం దాకా, తర్వాత చెరువుగట్టు దాకా నడిచింది. గోడ దగ్గర వేళ్ల వ్యాయామం మళ్లీ మొదలుపెట్టింది. చెయ్యి చాలావరకు లేచింది. పూర్తిగా లేవలేదు. ఆ లోటు నా వల్ల వచ్చిందే.

మంచితనంతో చేసే ఈ పొరపాటు వేరే క్యాన్సర్లలోనూ ఉంది. చుట్ట నిప్పున్న కొనను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే అలవాటు వల్ల అంగిలి క్యాన్సర్ తెచ్చుకున్న తల్లులు మా ప్రాంతంలో ఎందరో. నోటికి రేడియేషన్ జరుగుతుంటే దవడ బిగుసుకోకుండా రోజూ నోరు తెరిచి మూసే వ్యాయామం చేయాలి. నొప్పిగా ఉందని ఇంట్లోవాళ్లు మాన్పిస్తే, తర్వాత ముద్ద పెట్టడానికి కూడా నోరు తెరుచుకోదు.

అలాగని అందరూ అన్నీ చేయకూడదు. జ్వరం 100.4 డిగ్రీలు తాకితే వ్యాయామం మాట పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. రక్తం, ప్లేట్‌లెట్లు బాగా తగ్గినా, ఎముకలకు జబ్బు పాకినా, ఛాతీలో నొప్పి వచ్చినా డాక్టర్ చెప్పకుండా ఏదీ మొదలుపెట్టకూడదు.

మీ ఇంట్లో ఎవరికైనా చికిత్స జరుగుతుంటే, ఈసారి వెళ్లినప్పుడు మూడు సంగతులు తెలుసుకోండి. ఎంత నడవొచ్చు? ఏ వ్యాయామం చేయాలి? ఎప్పుడు ఆపాలి? పక్కన కూర్చోండి, చెప్పింది రాసుకోండి. కానీ ఆ ప్రశ్నలు మాత్రం రోగినే అడగనివ్వండి.