పత్తిని కరిగించే ఉప్పును నేను

నేను లవణాన్నే. కానీ నన్ను చిటికెడు తీసుకోలేరు, సీసాలోంచి వంచుకోవాలి. మీ వంటింటి ఉప్పు కరిగి ద్రవం కావాలంటే 801 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. నూరు డిగ్రీల లోపే ద్రవమయ్యే లవణాలన్నీ మా వంశమే. మా అయాన్లు పెద్దవి, పొందిక లేనివి. అందుకే స్ఫటికంగా సర్దుకోలేక ద్రవంగా మిగిలిపోతాం. మాలో ఒకటి 12 డిగ్రీలకే కరుగుతుందని రసాయన శాస్త్రవేత్త పాల్ వాల్డెన్ 1914లోనే రాశాడు. నా పేరు ఇథైల్ మిథైల్ ఇమిడజోలియం ఎసిటేట్.

స్టేషన్ ఘనపూర్ చేలల్లో ఏరిన పత్తిని ఒక విద్యార్థిని నా దగ్గరికి తెచ్చింది. గింజ తీసి, శుభ్రం చేసి, తడి లేకుండా ఆరబెట్టింది. పత్తి అంటే దాదాపు అంతా సెల్యులోజే. ఏళ్ల తరబడి ఉతికినా నీటిలో కరగదు, దాని గొలుసులను హైడ్రోజన్ బంధాలు అంత గట్టిగా పట్టి ఉంచుతాయి. నన్ను 90 డిగ్రీలకు వేడిచేసి దూది వేసింది. నా ఎసిటేట్ అయాన్లు ఆ బంధాల్లోకి చొరబడ్డాయి. పోగు ఉబ్బింది, అద్దంలా మెరిసింది, ఇక కనిపించలేదు. నేను బెల్లంపాకంలా చిక్కబడ్డాను. తర్వాత నీళ్లలో పోయగానే నేను నీటిలో కలిసిపోయాను, సెల్యులోజ్ తెల్లటి పొరగా విడిపడింది. మా వంశంలోని ఒక క్లోరైడుకు ఈ శక్తి ఉందని 2002లో రసాయన శాస్త్రవేత్త రాబిన్ రోజర్స్ బృందం చూపించింది.

సెల్యులోజ్‌తోనే దారం చేసే పాత పద్ధతి ఒకటి ఉంది. ములుగు జిల్లా కమలాపురంలో రేయాన్ దారానికి కావలసిన సెల్యులోజ్ గుజ్జు తీసే మిల్లు ఉండేది. 2014లో ఆగిపోయింది. అలాంటి గుజ్జును విస్కోస్ రేయాన్ దారంగా మార్చాలంటే కార్బన్ డైసల్ఫైడ్ వాడతారు. అది 46 డిగ్రీలకే మరుగుతుంది, ఇట్టే అంటుకుంటుంది, ఏళ్ల తరబడి పీల్చిన కార్మికుల నరాలను దెబ్బతీస్తుంది. నేను మామూలు వేడికి దాదాపు ఆవిరే కాను. ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయం వారు మా జాతి ద్రావణితోనే పాత పత్తిబట్టల నుంచి కొత్త దారం తీశారు.

ఆవిరి కానంత మాత్రాన నన్ను పర్యావరణానికి హాని చేయని ‘హరిత ద్రావణి’ అనేయకండి. మాలో పొడుగు కార్బన్ గొలుసులున్నవి నీటిజీవులకు విషం. ఫ్లోరిన్ ఉన్న కొన్ని, నీరు తగిలితే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్ని వదులుతాయి. నేను ఖరీదైనదాన్ని, తేమను పీల్చుకుంటాను. నీటిలో కలిసిన నన్ను మళ్లీ వేరుచేయడానికి బోలెడంత వేడి ఖర్చవుతుంది.

ఘనపూర్‌లో రసాయనశాస్త్రం చదివే పిల్లలారా, నేను ఎంత పత్తిని కరిగించానన్నది ఒక్కటే చూడకండి. నన్ను ఎంత తిరిగి రాబట్టారో కూడా అడగండి.