సూది ఎవరు తిప్పినారు?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఇంజను తెలియని మనిషి ఉండడు. బోరులో నీళ్లు వెయ్యి అడుగుల కిందికి దిగిపోయిన చోట పుట్టిన పిల్లోడికి నడకా, మోటారు రిపేరూ ఇంచుమించు ఒకే ఏడాది అబ్బుతాయి. టీవీఎస్ మీద టమాటా బాక్సులు కట్టుకుని మార్కెట్టుకు పోయే రైతు, దారిలో ఆగిపోయిన ఇంకొకరి బండి చప్పుడు విని, దిగకుండానే "ప్లగ్గు పీకి చూడప్పా" అని చెప్పేసి పోతాడు. చాలాసార్లు లోపం ప్లగ్గులోనే ఉంటుంది కూడా. అలాంటి గడ్డ మీదికి మా అక్క కొడుకు బెంగుళూరు నుంచి నైట్రో కారు తెచ్చాడు.

ఇది తాడు కట్టి లాక్కుపోయే బొమ్మ కాదు. పొడవు మూరెడే గానీ లోపల ఉన్నది నిజం ఇంజను. రిమోటు చేతిలో పట్టుకుని దూరం నుంచి నడపాలి. బజాజ్ చేతక్ ఇంజను దాదాపు 150 సీసీ అయితే దీనిది 3.5 సీసీ. నిమిషానికి మాత్రం 30,000 చుట్లు దాటి తిరుగుతుంది.

"హెచ్‌పీ ఎంత?" అన్నాడు పక్కింటి పెద్దాయన, ప్రహరీ మీద మోచేతులు ఆనించి.

"రెండు దాకా ఉంటుంది తాతా."

"అయితే బోరుకు చాలదు" అని తేల్చేశాడు. తేల్చేసినాయన లోపలికి పోవాలి కదా, పోలేదు. కుర్చీ తెప్పించుకున్నాడు.

కొత్త ఇంజనును డబ్బాలోంచి తీసి పరుగెత్తించకూడదు, రన్నింగ్-ఇన్ చెయ్యాలి. ఆ సంగతి మాకు కొత్త కాదు. ఒకప్పుడు కొత్త అంబాసిడర్ కొన్నాయన వెనక అద్దం మీద 'రన్నింగ్ ఇన్' అని రాయించుకుని, వెనక లారీలు ఎంత హారన్ కొట్టినా నలభై దాటకుండా నెలల తరబడి ఊరేగేవాడు. అయితే ఈ బుడ్డ ఇంజనులో బిగువు వేరే రకం. సిలిండరు లోపలి గొట్టం ఇత్తడిది, దానికి క్రోమియం పూత. పిస్టను అల్యూమినియంది, దానికి రింగులుండవు. గొట్టం పైకి పోయేకొద్దీ వెంట్రుకవాసి సన్నబడుతుంది. చల్లగా ఉన్నప్పుడు పిస్టను పైకి పోయి అక్కడ కరుచుకుంటుంది. వేడెక్కితే గొట్టం పైభాగం రవ్వంత సాగి దారి ఇస్తుంది. ఆ పట్టులోనే ఇంజను బలమంతా ఉంది. పట్టు సడలిందంటే ఇంజను పని అయిపోయినట్టే. అందుకని మొదటి కొన్ని ట్యాంకులు ఇంధనం ఎక్కువగా తాగించి, మెల్లగా తిప్పి, ఆపి, చల్లార్చి, మళ్లీ తిప్పాలి. దాంతోపాటు వచ్చిన పుస్తకం పేజీలకు పేజీలు చెప్పిందంతా పిండితే వచ్చేవి రెండే: తొందరపడొద్దు, కెలకొద్దు.

మావాళ్లకు చేతకానివి సరిగ్గా ఆ రెండే.

ముందు ఇంధనం సంగతి. ఇది పెట్రోలు కాదు. ఇంచుమించు మూడింట రెండు వంతులు మిథనాల్, 20 శాతం నైట్రోమీథేన్, మిగిలింది నూనె. నైట్రోమీథేన్ గొప్పతనమేమిటంటే తనకు కావలసిన ఆక్సిజన్‌లో కొంత తనే మోసుకొస్తుంది. కిలో పెట్రోలు పూర్తిగా మండాలంటే పద్నాలుగున్నర కిలోలకు పైగా గాలి కావాలి. కిలో నైట్రోమీథేన్‌కు రెండు కిలోలు కూడా అక్కర్లేదు. అంటే అదే గాలితో ఎన్నో రెట్లు ఎక్కువ ఇంధనం తగలబెట్టవచ్చు. తగలబడేది డబ్బు కూడా. లీటరు వెయ్యి రూపాయలు దాటుతుందని అల్లుడు నోరు జారాడు. 2023 జులైలో మా మార్కెట్టులో కిలో టమాటా 200 రూపాయల దరిదాపుల్లో పలికినప్పుడు ఇల్లు పీకి పందిరేసిన నా భార్య, ఈ ధర విని ఒక్క మాట మాట్లాడలేదు. నేను భయపడింది ఆ ఊరుకోవడానికే.

డబ్బా మూత తియ్యగానే మా అమ్మ మంచం మీంచి లేచి కూర్చుంది.

"ఎవురికి పడ్తాండారు ఆముదం?"

ముక్కంటే అదీ! ఆ నూనెలో నిజంగానే కొంత ఆముదం ఉంది. మిగతా నూనెలు చేతులెత్తేసే వేడిలో కూడా ఆముదం లోహాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి రోటరీ ఇంజను విమానాలకూ ఆముదమే పోసేవాళ్లు. గాల్లో ఆ తుంపర పైలట్ల ముఖాన కొట్టేదనీ, కిందికి దిగీ దిగగానే వాళ్లు చెట్ల వైపు పరుగు తీసేవాళ్లనీ కథలున్నాయి. అది చెబితే అమ్మకు నవ్వు రాలేదు. "మంచిదే కదప్పా, కడుపు శుద్ధిగా ఉంటాది" అని, కారు వైపు మొదటిసారి గౌరవంగా చూసింది. మనవడి వైపు చూసిన చూపు మాత్రం వాడికి నచ్చలేదు. ఆ పూటంతా ఆమె మంచం దరిదాపులకు పోలేదు.

మదనపల్లె సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. పక్కనే హార్స్‌లీ హిల్స్ ఉన్నాయి కాబట్టి డిసెంబరు తెల్లవారుజామున చలి ఊరు విడిచి పోదు. ఆ చలికి కొత్త ఇంజనులో పిస్టను పైన కరుచుకుని కదలనంటుంది. హెడ్డును బాగా వేడి చేసి అప్పుడు స్టార్టు చెయ్యాలి. అందుకు మా ఆవిడ తల ఆరబెట్టుకునే డ్రయ్యరు కావలసి వచ్చింది. అది ఎందుకు తీసుకున్నామో చెప్పకుండా తీసుకున్నాం. అలికిడికి ఆమె వచ్చి, మామా అల్లుళ్లం ఇద్దరం మోకాళ్ల మీద కూర్చుని ఇంజనుకు వెచ్చని గాలి పడుతుండటం చూసి, ఏమీ అనకుండా వెళ్లి కాఫీ పెట్టింది. ఒక్కటే కప్పు, ఆమెకు.

ఎగ్జాస్టు చివర వేలు పెట్టి మూసి, స్టార్టరు తాడు మెల్లగా లాగాలి. ఎగ్జాస్టు నుంచి ట్యాంకుకు ఒక సన్నని గొట్టం ఉంటుంది. ఆ ఒత్తిడికి ట్యాంకులోని గులాబీ రంగు ఇంధనం పారదర్శకమైన పైపులోకి ఎక్కుతుంది. లాగినప్పుడల్లా అంగుళం ముందుకు జరిగి, ఒక బుడగను ముందుకు నెట్టి, మళ్లీ అర అంగుళం వెనక్కి జారుతుంది. కార్బొరేటరు ముఖం దాకా వచ్చిందా, అక్కడ ఆపాలి. ఆ పైన ఒక్క లాగు ఎక్కువైనా ఇంధనం సిలిండరులో నిండిపోయి పిస్టను కదలదు. తాడు కూడా జానెడే, చివరికంటా లాగితే తెగుతుంది.

ఇదంతా అల్లుడు వివరిస్తూ ఉండగానే, పెళ్లిళ్లకు జనరేటర్లు బాడుగకిచ్చే మా వీధి ఆసామి ముందుకొచ్చాడు. "పిల్లోడివి, నీకు బలం చాలదు. ఇట్లియ్యి" అని తాడు అందుకున్నాడు. పదిహేను కేవీఏ జనరేటరును లేపే ఊపుతో లాగాడు. ఇంకోసారి లాగాడు. మూడోసారి తాడు రాలేదు.

"జామ్ అయిపోయిందే!"

"ఓవర్‌ఫ్లో అయింది" అన్నాడు పెద్దాయన, కుర్చీలోంచి లేవకుండా. నిజమే. అప్పుడు చెయ్యవలసిందల్లా ప్లగ్గు ఊడదీసి, కారును తలకిందులు చేసి, తాడు లాగడమే. లోపలి ఇంధనమంతా పిచికారీలా బయటికి కొడుతుంది. ఎటు కొడుతుందో చూసుకుని నిలబడాలి, మిథనాల్ కంట్లో పడితే ప్రమాదం. అందరం వెనక్కి జరిగాం. జనరేటరు ఆసామి మాత్రం జరగలేదు, తెల్ల పంచె మీదికి తీసుకున్నాడు. ఆ తరవాత ఒక వారం పాటు ఆయన దగ్గర ఎవరూ బీడీ వెలిగించుకోలేదని విన్నాను.

ప్లగ్గు బిగించి మళ్లీ లాగితే బుర్రుమంది. ఇంధనం ఎక్కువ, గాలి తక్కువ కాబట్టి గడగడలాడుతూ, తుంపర్లు కక్కుతూ తెల్లటి పొగ వదిలింది. సందు ఈ చివర నుంచి ఆ చివరి దాకా ధడేల్ ధడేల్‌మని కిటికీలు మూసుకున్నాయి. పిల్లకాయలు మాత్రం వీధిలోకి ఉరికొచ్చి పొగలో గంతులేశారు. మునిసిపాలిటీ వాళ్లు దోమల మందు కొడుతున్నారనుకున్నారంతా. ఒకావిడ గేటు దగ్గరికొచ్చి "మా ఇంటెనక కాలవలో కూడా కొట్టండి నాయనా, పట్టుకుని పీక్కతింటాండాయి" అని వేడుకుంది. కారండీ అని చెప్పినా నమ్మలేదు. చివరికి అల్లుడు కారును చేత్తో పట్టుకుపోయి కాలవ గట్టున కాసేపు పెట్టొచ్చాడు. ఆ వారం దోమలు తగ్గాయని ఆవిడ ఇప్పటికీ అంటుంది.

ఇక సూది సంగతి. కార్బొరేటరు పక్కన ఒక నీడిల్ ఉంటుంది. స్క్రూడ్రైవరుతో కుడికి తిప్పితే ఇంధనం తగ్గుతుంది, ఎడమకు తిప్పితే పెరుగుతుంది. తిప్పితే చుట్టులో ఎనిమిదో వంతు మాత్రమే తిప్పి, ఆగి, వినాలి. ఇంధనంలోనే నూనె ఉంది కాబట్టి ఇంధనం తగ్గిందంటే నూనె తగ్గినట్టు, నూనె తగ్గిందంటే ఇంజను కాలినట్టు. కొత్తలో గడగడలాడటమే ఆరోగ్యం. కానీ ఆ గడగడ వింటూ చేతులు కట్టుకుని కూర్చోగలిగిన మనిషిని మా తాలూకాలో నేనింకా చూడలేదు. "దగ్గుతాండాదే, రవ్వంత బిగించు" అని ప్రతివాడి చెయ్యీ ముందుకొచ్చేదే.

వేడి చూడటానికి థర్మామీటరు తుపాకీ ఒకటి ఉంది. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో అంకె చూపిస్తుంటే అదీ నమ్మకం పోగొట్టుకుంది. మా ఆవిడ వచ్చి హెడ్డు మీద చిటికెడు నీళ్లు చిలకరించింది. చుక్క వెంటనే చుయ్‌మనకుండా మూడు నాలుగు క్షణాలు ఆగి ఆవిరైంది. "దోసె పొయ్యడానికి సరిపోతుంది, ఇంకా కాలితే మాడుతుంది" అని చెప్పి వెళ్లిపోయింది. నూరు డిగ్రీల దరిదాపుల్లో ఉండాలని పుస్తకం ఘోషించేదీ ఆ వేడినే. నైట్రో పెద్దలు చెప్పే చిట్కా కూడా అచ్చంగా ఆ నీటిచుక్కే. ఆమె ఏ పుస్తకమూ చదవలేదు.

తరవాతి ట్యాంకులకు పుంగనూరు పోయాం. నా బావమరిది ఇల్లు అక్కడే. వాడి కొట్టంలో ఒక పుంగనూరు ఆవు ఉంది, నా నడుము దాటదు. ఇంజను మొదలవగానే అది చెవులు రిక్కించి, పొగ వాసన చూసి, మేత మానేసి గోడ వైపు తిరిగి నిలబడింది. ఈ కథలో సలహా ఇవ్వని ప్రాణి అదొక్కటే.

బావమరిది పిలిపించిన ఆయిల్ ఇంజన్ల మేస్త్రీ అలాంటివాడు కాదు. డీకంప్రెషన్ లివరు ఎత్తి, హ్యాండిల్ తిప్పి, ఊపందుకోగానే లివరు వదిలి, ఎన్ని బావులు తోడించాడో లెక్కలేని మనిషి. స్టార్టు కాగానే అల్లుడు ప్లగ్గు మీంచి బ్యాటరీ తీసేస్తే మేస్త్రీ కనుబొమలు ముడిపడ్డాయి. "కరెంటు పీకేస్తే మంట యాడిది?" అన్నాడు. ప్లగ్గులో ప్లాటినం తీగ ఉంది. మొదట ఒకటిన్నర వోల్టు బ్యాటరీతో ఎర్రబడుతుంది. తరవాత మిథనాల్ ఆవిరి ప్లాటినానికి తగిలి పుట్టే వేడీ, పిస్టను నొక్కుడుకు పుట్టే వేడీ కలిసి దాన్ని ఆరనివ్వవు. అమెరికాలో రే ఆర్డెన్ 1947లో ఈ రకం ప్లగ్గును బజారులో పెట్టాక బుల్లి ఇంజన్లకు కాయిలు, పాయింట్లు, కండెన్సరు మొయ్యవలసిన బాధ తప్పింది. మేస్త్రీ అంతా విని "అట్లయితే సగం డీజిలు ఇంజనే" అన్నాడు. అంత చక్కటి నిర్వచనం నాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు. అలా మెచ్చుకుంటూ నేను ఆయన ముఖం చూస్తున్నానా, చెయ్యి చూడలేదు. జేబులోని టెస్టరు ఎప్పుడు బయటికొచ్చిందో, సూది ఎంత తిరిగిందో దేవుడికే తెలియాలి.

గడగడ పోయింది, పొగ పోయింది. ఇంజను శ్రుతి చేసిన నాదస్వరంలా కీచుమని పైస్థాయి అందుకుంది. "అద్దీ సౌండు!" అన్నారంతా. అల్లుడొక్కడే "సూది ఎవరు తిప్పినారు?" అని కేకేసి పైపు నొక్కిపట్టాడు. హెడ్డు మీద వేసిన చుక్క పడకముందే ఆవిరైంది. నూనె అందని ఇంజను చచ్చేముందు అంత బాగా పాడుతుందట. ఇంకో నిమిషం ఆగి ఉంటే అందరం చప్పట్లు కొట్టి చంపేసి ఉండేవాళ్లం.

చివరి పరుగు కుప్పంలో, మా మామగారి ఇంటి దగ్గరి మైదానంలో. తమిళనాడు, కర్ణాటక చెరోపక్క ఆనుకున్న ఊరు. ద్రావిడ భాషలన్నిటికీ కలిపి 1997లో విశ్వవిద్యాలయం పెట్టిన ఊరు. సలహాలు ఒక్క భాషలో వస్తాయా? తెలుగాయన కుడికన్నాడు, తమిళాయన ఎడమకన్నాడు, కన్నడాయన రెండూ విని ముందు ఎయిర్ ఫిల్టరు కడగమన్నాడు. అల్లుడు స్క్రూడ్రైవరు నాకిచ్చి "మామా, ఎవరడిగినా ఇయ్యొద్దు" అని ట్రిగ్గరు నొక్కాడు. కారు మైదానం ఆ చివరికి పోయి మలుపు తిరిగేదాకా మూడు భాషలూ నోరు తెరుచుకుని ఉండిపోయాయి.

తిరిగొచ్చి ఆగాక మా మామగారు అన్నారు: "ఇంత అవస్థ దేనికి నాయనా? బ్యాటరీ కార్లు వచ్చినాయంట కదా. స్విచ్చేస్తే పోతాయి, దీనికన్నా స్పీడంట."

"నిజమే తాతా" అన్నాడు అల్లుడు. "కానీ దాంట్లో తిప్పడానికి సూది ఉండదు. నేనొక్కడినే నడుపుకుని, నేనొక్కడినే చూసుకోవాల. ఇంతమంది వస్తారా?"

మామగారు తలూపారు. మైదానం నిండా మనుషులు, ఒక్కొక్కరికీ ఆ ఇంజను మీద ఒక్కో అభిప్రాయం. తాము ఒక చెయ్యి వేస్తే ఇంకా బాగా పోయేదన్న అభిప్రాయం మాత్రం అందరికీ ఉమ్మడి.

ఇంజను చల్లారేలోగా ఫ్లైవీలు తిప్పి పిస్టనును కిందికి దించాలి, లేకపోతే పైన కరుచుకుపోతుంది. ఆ పని అల్లుడు చేశాడు. నేను స్క్రూడ్రైవరును ఇంటికి తెచ్చి మా ఆవిడకిచ్చాను. నగలున్న బీరువాలో పెట్టి తాళం వేసింది. మొన్నొక రోజు నాకే కావలసి వచ్చింది, రవ్వంత, ఎనిమిదో వంతు మాత్రమే తిప్పి చూద్దామని. తాళం ఇవ్వలేదు.