పొట్ట వారిది, పెట్టె వీరిది

1923లో తాము కనుగొన్న ఇన్సులిన్ పేటెంటును తలకొక్క డాలరు చొప్పున టొరంటో విశ్వవిద్యాలయమునకు ధారవోసిన బాంటింగు ప్రభృతుల వ్యాపారదక్షతను తలచి నేటి వైద్యనిపుణులు జాలిపడుచుందురు కాబోలు. ఏలయన సరిగా నూరేండ్లకు, ఓజెంపిక్, వెగోవీ యను బరువు తగ్గించు సూదులను నమ్ముకొన్న నోవో నోర్డిస్క్ సంస్థ విలువ, తనను గన్న డెన్మార్కు దేశపు వార్షికోత్పత్తినే మించిపోయెను. సూదికి ఫలము లేదనుట అపచారము: పరీక్షలలో 68 వారములకు సగటున సుమారు 15 శాతము బరువు తగ్గిన మాట నిజము, సూది మానిన యేడాదిలో, పోయినదానిలో మూడింట రెండువంతులు తిరిగివచ్చిన మాటయు నంతే నిజము. "కావున యావజ్జీవము పొడుచుకొనుడు" అని నిపుణుల సెలవు. ఏ కంపెనీవలన నేమి పారితోషికము గొనిరో వారే తమ వ్యాసముల చివర చీమ తలకాయలంత అక్షరములలో విన్నవింతురు (చత్వారపు రోగి చదువజాలడు గదా, పాపము!). ఇక పిజ్జాలను గడ్డకట్టించి పెట్టెల కెత్తి యమ్ము నెస్లే వారు, 2024లో అమెరికాయందు ఈ సూదిరాయుళ్లకై ప్రత్యేకముగా చిట్టి భోజనపు పొట్లములను వెలయింపబూని, తాము పెంచిన పొట్టకు తామే పథ్యము వడ్డించుచున్నారు.