కుయ్‌కుయ్ తాతగారు

షాపింగ్ మాల్ గుమ్మంలో తలుపుల్లేని ద్వారబంధంలా నిలబెట్టిన మెటల్ డిటెక్టర్ ఉంటుంది చూశారూ, అది ఎవరు నడిచినా కుయ్యిమంటుంది. అనడం దాని ఉద్యోగం, పట్టించుకోకపోవడం మన ఉద్యోగం. ఈ ఒప్పందం మీద సికింద్రాబాదులో లక్షల మంది హాయిగా లోపలికీ బయటికీ తిరుగుతున్నారు. ఒక్కాయన మాత్రం ఆగుతారు. ఆగి, వెనక్కి వెళ్ళి, బెల్టు తీసి, తాళాలగుత్తి తీసి, కళ్ళజోడు డబ్బా తీసి, మళ్ళీ నడుస్తారు. మళ్ళీ కుయ్యిమంటుంది. "పోండి సార్, ఏం కాదు" అంటాడు సెక్యూరిటీ కుర్రాడు. "ఏం కాకపోతే అదెందుకు మొత్తుకుంటోందయ్యా?" అని ఆయన వాణ్ణి మందలిస్తారు. వెనకాల ఆదివారం జనం బారులు తీరి ఉంటారు. ఆ బారులో ఒకసారి నేనూ ఉన్నాను. ఆయన మా వీధి మనిషేనన్న సంగతి ఆ పూట ఎవరికీ చెప్పలేదు.

మా వీధి మెట్టుగూడలో ఉంది. ఆయన రైల్వేలో సిగ్నల్ శాఖలో చేసి రిటైరయ్యారు. ముప్పై ఆరేళ్ళు ఎర్రదీపం, పచ్చదీపం చూసిన మనిషికి యంత్రం చెప్పే మాట మీద గురి ఉండడంలో వింతేం లేదు. రిటైరయ్యాక అమెరికాలో ఉన్న మేనల్లుడు ఒక మెటల్ డిటెక్టర్ పట్టుకొచ్చాడు. చేతికర్రంత పొడుగు, చివర చిన్న పళ్ళెమంత కాయిల్, నాలుగు పెన్సిల్ బ్యాటరీలు. ఆ రోజునుంచీ మా పిల్లలకి ఆయన కుయ్‌కుయ్ తాతగారు. ఆయనకి తెలుసు. అభ్యంతరం లేదు. "కుయ్ అంటే ఇనుమురా, కుయ్‌కుయ్ అంటేనే మంచిది" అని ఒకసారి వాళ్ళకే సవరణ చెప్పారు.

ఇప్పుడాయన మిషను మార్చే ఆలోచనలో ఉన్నారు. ఆలోచనకి మూడో ఏడు నడుస్తోంది.

పోటీలో ఉన్నవి రెండు. ఆస్ట్రేలియా కంపెనీ మైన్‌ల్యాబ్ వాళ్ళ ఈక్వినాక్స్ 800, టర్కీ కంపెనీ నోక్టా వాళ్ళ లెజెండ్. మొదటిది 2018లో వచ్చింది, రెండోది 2022లో. పాత మిషను 6.5 కిలోహెర్ట్జ్ అనే ఒకే పౌనఃపున్యం మీద పనిచేస్తుంది. ఈ కొత్తవి రెండూ ఒకేసారి అనేక పౌనఃపున్యాలు నేలలోకి పంపుతాయి. తేడా మీకు అర్థం కాకపోతే ఆయనకి చెప్పకండి. నేను చెప్పి, ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను. "ఒకే ప్రశ్న అడిగే పోలీసుకీ, అదే సంగతిని పది రకాలుగా అడిగే పోలీసుకీ ఉన్న తేడా అనుకోండి" అన్నారు. బాగానే అర్థమైంది. కానీ ఆయన అర్థం కావడంతో ఆపే మనిషి కాదు.

కాయిల్లోంచి ఒక అయస్కాంత క్షేత్రం నేలలోకి దిగుతుంది. అడుగున లోహం ఉంటే దాంట్లో సుడులుగా కరెంటు పుడుతుంది. ఆ సుడి మళ్ళీ పైకి తన చిన్న జవాబు పంపుతుంది. ఆ జవాబు ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి మిషను ఇది ఇనుమా, వెండా, రేకా అని ఒక అంకె వేస్తుంది. ఈక్వినాక్స్ మైనస్ 9 నుంచి 40 దాకా వేస్తుంది, లెజెండ్ 1 నుంచి 60 దాకా. "యాభై మెట్లా, అరవై మెట్లా?" అని ఆయన నన్నడిగారు, తిరుపతి కొండెక్కే దారులు రెండిట్లో ఏదన్నట్టు.

నీళ్ళలో రెండూ మూడు మీటర్ల లోతు దాకా పనిచేస్తాయి. ఈ ఒక్క అంశంలో సమానం కావడం ఆయనకి నచ్చలేదు. ఆయన హుస్సేన్ సాగర్ పక్కనుంచి బస్సులో వెళ్ళినా కిటికీ మూసేసే మనిషి. దసరా దాటితే మఫ్లర్ కడతారు. అయినా మూడు మీటర్ల లోతున సీలు గట్టిగా ఉండేది ఏదో తేలాలి.

బరువు దగ్గర మాత్రం తేడా దొరికింది. ఒకటి 1.34 కిలోలు, ఇంకొకటి 1.4. అరవై గ్రాములు! గొడుక్కి అరవై గ్రాముల బంగాళాదుంప ఒకటి కట్టి, అటకమీది తక్కెడలో తూచి మరీ కట్టి, వరండాలో ముప్పావుగంట అటూ ఇటూ ఊపుతూ నడిచారు. తరవాత దుంప విప్పేసి ఇంకో ముప్పావుగంట. సాయంత్రం భుజం రెండు విధాలుగానూ నొప్పి పెట్టింది. ఆ దుంప రాత్రి వేపుడులోకి వెళ్ళింది.

"మా మామగారు ఎరిగినవారు బాబూ" అంటారు వాళ్ళావిడ, నేను పిన్నిగారూ అని పిలిచే తల్లి. "ఈయనకి ఒక్క సంబంధమే చూపించారు. రెండు చూపించి ఉంటే ఈ పాటికీ నేను మా పుట్టింట్లో ట్రే పట్టుకుని నిలబడే ఉందును."

ఆవిడ మాటలో అతిశయం లేదు. 1982లో ఈయన సాలిడేర్ టీవీయా డయనోరా టీవీయా అని నోటుబుక్కులో గీతలు గీస్తూండగా ఏషియన్ గేమ్స్‌తో దేశానికి కలర్ టీవీ వచ్చేసింది. బ్లాక్ అండ్ వైట్ లెక్క మొత్తం కొట్టేసి మళ్ళీ మొదటికొచ్చారు. ఆ నోటుబుక్కు ఇప్పటికీ ఉంది. దాని వెనకపేజీల్లోనే ఇప్పుడు ఈక్వినాక్సూ లెజెండూ నడుస్తున్నాయి. కాగితం వృథా చేయడం ఆయనకి గిట్టదు.

పాత మిషను పరీక్షలకి మొదట ఇంట్లోనే ప్రయత్నించారు. స్లాబులో ఊచలు కదా, ఎక్కడ పెట్టినా శోకాలే. అప్పుడు మాకు టెలిఫోన్ గ్రాహంబెల్ కథ చెప్పారు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్ మీద కాల్పులు జరిగితే, ఒంట్లో తూటా ఎక్కడుందో కనిపెట్టడానికి బెల్ ఇలాంటి యంత్రమే పట్టుకెళ్ళాడు. దొరకలేదు. పరుపులో ఇనప స్ప్రింగులు ఉండడమే దెబ్బకొట్టిందంటారు. "బెల్‌కి మంచం అడ్డమొచ్చింది, నాకు మేడ అడ్డమొచ్చింది" అన్నారు ఈయన, ఇద్దరూ ఒకే బ్యాచ్ అన్నట్టు.

చివరికి పూలకుండీలు పనికొచ్చాయి. కుండీని ప్లాస్టిక్ స్టూలెక్కించి, మట్టిలో ఒక్కో లోతున ఒక్కో నాణెం పాతారు. (తులసికోట జోలికి వెళ్ళొద్దని పిన్నిగారు ముందే గీత గీశారు.) పాత అల్యూమినియం ఇరవై పైసలు, ఆ ఆరు పలకలది, శుభ్రంగా పలికింది. నిజాం కాలపు హాలీ రాగినాణెం ఇంకా కమ్మగా పలికింది. ఇప్పటి మన రూపాయి బిళ్ళ పెడితే మిషను నోరు విప్పలేదు. అది స్టెయిన్‌లెస్ స్టీలు, అందులోనూ అయస్కాంతానికి అంటుకునే రకం. ఇనుము వద్దని సెట్ చేసిన మిషను దాన్ని మేకుల్లో జమకట్టేసింది. "హాలీ సిక్కా చెల్లదని 1959లో తీసేశారు. చెల్లనిది పలుకుతోంది, చెల్లేది పలకడం లేదు" అని ఆయన నాకేసి చూశారు. నేనేదో ఆర్థికశాఖ మనిషినైనట్టు ఇబ్బందిపడ్డాను.

అంతకంటే పెద్ద ఇబ్బంది బంగారంతో. సన్నటి ఉంగరమూ, నలిగిన మాత్రల రేకూ ఈ యంత్రానికి ఇంచుమించు ఒకే రాగం. మెట్టుగూడ, లాలాగూడ ప్రాంతమంతా రిటైరైన రైల్వేవాళ్ళు. నేలనిండా బీపీ మాత్రల రేకులే. ఆయన ఎప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని ఆశగా తవ్వినా ఎవరిదో రక్తపోటు బయటపడుతుంది.

వేటకి మాత్రం పెద్ద చోటు లేదు. పరేడ్ గ్రౌండ్సు వైపు ఆ కర్ర పట్టుకు వెళితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. వీధిలోకి తెస్తేనే జనం "ఏంది సార్, బాంబా?" అని పక్కకి తప్పుకుంటారు. అందుకని అల్వాల్‌లో స్నేహితుడి ఖాళీ స్థలం, అదీ రాతపూర్వకంగా అనుమతి పుచ్చుకుని. చట్టం ఆయనకి కంఠోపాఠం. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం నేలలో దొరికినదాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి తెలపాలి. దాచిపెడితే ఏడాది దాకా జైలు. సొంతదారుడెవడూ లేడని తేలితే మామూలుగా దొరికినవాడికి ముప్పాతిక వంతు, నేల యజమానికి పాతిక. అందుకే నోటుబుక్కులో దొరికిన ప్రతి వస్తువు ఎదురుగా "విలువ" అని ఒక గడి ఉంది. సోడామూత, సున్నా. మేకు, సున్నా. సైకిలు బెల్లు టోపీ, రూపాయి. మూడేళ్ళ వేట మొత్తం కూడితే ఏడు రూపాయలు. చట్టానికీ ఆయనకీ మధ్య ఇంకా మూడు రూపాయల ఎడం ఉంది.

పెద్ద తవ్వకాలన్నీ ఆయన సొంత ఓటముల్లా చెబుతారు. 2012 నవంబరులో నౌబత్ పహాడ్ కింద విద్యారణ్య స్కూలు ఆవరణలో నిధి ఉందని పురావస్తుశాఖ తవ్వడం, ఏమీ లేకపోవడం. మరుసటేడు ఉత్తరప్రదేశ్‌లో ఒక సాధువుకి వెయ్యి టన్నుల బంగారం కలలోకి వచ్చిందని డౌండియా ఖేడాలో తవ్వడం. 2017 చివర కర్నూలు జిల్లా చెన్నంపల్లి కోట. అన్నిటికీ ఆయన తీర్పు ఒకటే: "కాయిల్ సరైంది పడలేదు." కర్నూలు అంటే గుర్తొచ్చింది, పత్తికొండలో ఉన్న ఆయన తోడల్లుడు ఏటా తొలకరి పడగానే ఫోన్ చేస్తాడు. "జొన్నగిరి చేలల్లో జనం వజ్రాలు ఏరుతున్నారు అన్నా, మిషన్ తీస్కోని రా!" వజ్రం లోహం కాదనీ, మిషనుకి అదీ గులకరాయీ ఒకటేననీ ఈయన ఏటా చెబుతారు. తోడల్లుడు ఏటా నొచ్చుకుంటాడు, వాటా ఇవ్వాల్సి వస్తుందని దాస్తున్నారని అతని అనుమానం.

మొన్న జులైలో మా వీధి మోరీ పొంగింది. మ్యాన్‌హోల్ మూత తీసి కర్ర ఆడించాలి. మూత ఎక్కడ? రోడ్డు వేసినవాళ్ళు దాని మీదనుంచే తారు పరిచేశారు, అదీ రెండు విడతలు. ఎక్కడో ఇక్కడే అని పదిమందిమి పది చోట్లు చూపించాం. అప్పుడెవరో అన్నారు, "తాతగారిని పిలవండర్రా."

ఆయన రావడం నేను మరచిపోలేను. హెడ్‌ఫోన్లు, మోచేతి పట్టీ, ప్యాంటు మడతలు సాక్సులోకి దోపి, మురుగు మధ్య కొంగలా అడుగులు వేస్తూ వచ్చారు. ఇనుము కోసం కాబట్టి "అన్ని లోహాలూ" అన్న సెట్టింగులో పెట్టారు. కుడినుంచి ఎడమకి, ఎడమనుంచి కుడికి. నాలుగో ఇంటి గేటు ముందు గరగరమంది. "ఇనుము!" అని సుద్దముక్కతో సున్నా చుట్టారు. ఇంకో ఆరడుగులు ముందుకి వెళ్ళారు. అక్కడ మిషను కోయిలలా కూసింది.

నేను పక్కనే ఉన్నాను, తెరమీద చూశాను. సూచిక చిట్టచివరి గళ్ళకి వెళ్ళి, అక్కడే నిలబడిపోయింది. వెండి గళ్ళు అవి. పెద్దాయన కాయిల్ పైకెత్తి, మళ్ళీ దించారు. మళ్ళీ అదే కూత. ముఖంలో రక్తం లేదు. హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకుని, ఏమీ జరగనట్టు రెండు కాళ్ళూ ఆ చోట ఆనించి నిలబడి, సున్నా చుట్టిన వైపు చెయ్యి చూపించి, "మూత అక్కడుంది, తవ్వండి" అన్నారు. నా చెవిలో మాత్రం, "బిందె అయ్యుంటుంది" అన్నారు.

తవ్వేందుకు వచ్చినతను ఆ పనిలోనే తల నెరిసిన మనిషి. చేతిలో గడ్డపార తప్ప ఏమీ లేదు. సున్నా దగ్గర రెండు పోట్లు పొడిచి, వంకరపోయిన ఊచముక్క ఒకటి తీసి పక్కన పడేశాడు. తరవాత తల ఎత్తి ఆ చివర ఉన్న మ్యాన్‌హోల్ చూశాడు, ఈ చివరది చూశాడు, మనసులోనే దారం పట్టి గీత లాగాడు. ఆ గీత వెంట నడుచుకుంటూ వచ్చి పెద్దాయన ముందు ఆగాడు.

"సారూ, జర పక్కకు జరుగుండ్రి."

"ఇక్కడేం లేదయ్యా."

"జరుగుండ్రి సారూ, పాణం ఖరాబైతుంది, మీ కాళ్ళ కిందనే ఉన్నట్టుంది."

గడ్డపార తిరగేసి మొద్దువైపుతో ఒక్క దెబ్బ వేశాడు. అడుగునుంచి గుయ్యిమని బోలు చప్పుడు వచ్చింది. పావుగంటలో బయటపడింది: పోతఇనుముతో చేసిన పాతకాలపు గుండ్రటి మూత, గళ్ళుగళ్ళుగా, దుక్కలాంటిది.

పెద్ద పలకలాంటి ఇనుములో సుడులు బలంగా తిరిగి, మిషనుకి అది మేలైన లోహంలా కనిపిస్తుందట. ఈ రంగంలో అందరికీ తెలిసిన మోసమేనట. ఆ సాయంత్రం అరుగు మీద ఇదంతా ఆయనే చెప్పారు.

"మరి కొత్త మిషన్లయితే ఇది ఇనుమని చెప్పేవా?" అన్నాను.

ఆయన అబద్ధమాడే మనిషి కాదు. "ఇంత పెద్ద ఇనుము ముందు అవీ తడబడతాయి" అన్నారు. కాసేపాగి, "రెండిట్లో తక్కువ తడబడేది ఏదో తేల్చాలి" అన్నారు.

ఈలోపల కాలనీ కార్యదర్శి అటుగా వస్తూ నవ్వుతూ అడిగాడు, "ఏం సార్, నేలలో దొరికింది కదా, కలెక్టరుకి రాయాలా? ముప్పాతిక వంతు మీది, పాతిక రోడ్డుది!" అందరూ నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. లోపలికి వెళ్ళి నోటుబుక్కు తెచ్చుకున్నారు. తేదీ వేశారు. "మూత, పోతఇనుము, 1" అని రాశారు. విలువ గడి దగ్గర పెన్ను ఆగింది. పాత ఇనుము కిలో ఎంతుందని నన్నడిగారు. చెప్పాను. మూత ఎంత బరువుంటుందన్నారు. ఇద్దరు పట్టి లేపారని చెప్పాను.

ఆయన పెన్ను మూతపెట్టి జేబులో పెట్టుకున్నారు. ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.